ఆండ్రాయిడ్ టెస్టులకు విడి మాడ్యూల్: ఎక్కడ మొరాయిస్తుంది, ఎలా సరిచేయాలి

యాప్ ఒకే మాడ్యూల్‌గా (విడిగా బిల్డ్ అయ్యే కోడ్ ముక్కగా) ఉన్నన్నాళ్లు టెస్టులు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాదు. ‘టెస్ట్’, ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’ అని రెండు ఫోల్డర్లుంటాయి. మొదటిదాంట్లోవి మన కంప్యూటర్ మీద నడుస్తాయి, రెండోదాంట్లోవి ఫోన్ మీదో ఎమ్యులేటర్ మీదో నడుస్తాయి. యాప్‌ను మాడ్యూళ్లుగా విడగొట్టాకే తంటా మొదలవుతుంది.

టెస్టుల కోసం విడిగా పెట్టుకునే మాడ్యూళ్లు రెండు రకాలు. ఒకటి, అన్ని మాడ్యూళ్ల టెస్టులూ పంచుకునే ఫేక్‌లు (అసలు క్లాసుల బదులు టెస్టుల్లో వాడే డమ్మీలు), హెల్పర్లు ఉండే మామూలు లైబ్రరీ. రెండోది, టెస్టులు తప్ప ఇంకేమీ లేకుండా మొత్తం యాప్‌ను నడిపి చూసే మాడ్యూల్. దీనికి ‘కామ్.ఆండ్రాయిడ్.టెస్ట్’ అనే వేరే ప్లగిన్ ఉంది. మొదటిది దాదాపు ప్రతి ప్రాజెక్టుకూ కావాలి. రెండోది చాలామందికి అక్కర్లేదు, అయినా ముందు దాన్నే మొదలుపెడతారు. కింది సమస్యలు వచ్చినప్పుడు, మీ మాడ్యూల్ ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోండి.

ఒక మాడ్యూల్‌లో రాసిన ఫేక్ ఇంకో మాడ్యూల్ టెస్టుకు కనిపించడం లేదు

కరెంటు బిల్లు కట్టే యాప్ అనుకుందాం. ‘డేటా’ మాడ్యూల్ టెస్ట్ ఫోల్డర్లో ‘ఫేక్‌బిల్‌రిపాజిటరీ’ రాశారు. బిల్లు స్క్రీన్ ఉన్న మాడ్యూల్‌లో ‘టెస్ట్‌ఇంప్లిమెంటేషన్’ (టెస్టులకు మాత్రమే అందే డిపెండెన్సీల లైన్) కింద డేటా మాడ్యూల్‌ను కలిపారు. అయినా కంపైలర్ ‘అన్‌రిజాల్వ్‌డ్ రిఫరెన్స్’ అంటుంది. క్యాష్ క్లియర్ చేసినా, స్టూడియో మూసి తెరిచినా లాభం లేదు. ఒక మాడ్యూల్‌ను డిపెండెన్సీగా ఇస్తే మనకు అందేది దాని మెయిన్ కోడ్ మాత్రమే. టెస్ట్ ఫోల్డర్లోది ఆ మాడ్యూల్ గడప దాటదు.

‘కోర్:టెస్టింగ్’ లాంటి పేరుతో ఒక లైబ్రరీ మాడ్యూల్ పెట్టి, ఫేక్‌లను దాని మెయిన్ ఫోల్డర్లో పెట్టండి. కావలసిన మాడ్యూళ్లు దాన్ని ‘టెస్ట్‌ఇంప్లిమెంటేషన్’ కిందో ‘ఆండ్రాయిడ్‌టెస్ట్‌ఇంప్లిమెంటేషన్’ కిందో తెచ్చుకుంటాయి. గూగుల్ నమూనా యాప్ ‘నౌ ఇన్ ఆండ్రాయిడ్’లోనూ ఇదే పద్ధతి, ఇదే పేరు. జేయూనిట్, కొరూటీన్స్ టెస్ట్ లాంటి లైబ్రరీలను ఈ మాడ్యూల్‌లో ‘ఏపీఐ’ లైన్‌తో ఇస్తే వాడుకునే మాడ్యూళ్లకూ అందుతాయి. ‘ఇంప్లిమెంటేషన్’తో ఇస్తే ప్రతిచోటా మళ్లీ రాసుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఒక టెన్షన్ ఉంటుంది: ‘కోర్:టెస్టింగ్’కు డేటా కావాలి, డేటా టెస్టులకు ‘కోర్:టెస్టింగ్’ కావాలి, మరి ఇది గిరగిరా తిరగదా? తిరగదు. యాప్‌ను బిల్డ్ చేసే టూల్ గ్రేడిల్ చూసేది టాస్కుల వరసను. ముందు డేటా మెయిన్ కంపైల్ అవుతుంది, తర్వాత ‘కోర్:టెస్టింగ్’, ఆ తర్వాత డేటా టెస్టులు. డేటా మెయిన్ కోడే ‘కోర్:టెస్టింగ్’ను అడిగితే తప్ప చిక్కు రాదు. అలా ఎప్పుడూ అడగకూడదు కూడా, ఎందుకంటే అప్పుడు మీ ఫేక్‌లు ప్లే స్టోర్‌కు వెళ్లే యాప్‌లోనే కూర్చుంటాయి.

టెస్ట్ ఫిక్స్‌చర్స్ (ఫేక్‌లను ఆ మాడ్యూల్లోనే విడి ఫోల్డర్లో పెట్టి బయటికి పంచడం) అని మరో దారి ఉంది. అయితే ఆండ్రాయిడ్ మాడ్యూళ్లలో దానికి కోట్లిన్ సపోర్ట్ ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.5తో గానీ రాలేదు, అదీ ప్రయోగాత్మకంగానే. నేనైతే లైబ్రరీ మాడ్యూల్‌కే ఓటేస్తాను.

బిల్డ్ సక్సెస్ అంటోంది, కానీ నడిచిన టెస్టులు సున్నా

అన్నిటికన్నా ప్రమాదం ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ కనిపించదు. లాగ్‌లో ‘స్టార్టింగ్ 0 టెస్ట్స్’ అన్న ఒక్క లైన్ ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

‘కామ్.ఆండ్రాయిడ్.టెస్ట్’ మాడ్యూల్ అయితే ముందు ఫోల్డర్ చూడండి. ఇందులో టెస్టులు ‘మెయిన్’లోనే ఉండాలి. అలవాటు కొద్దీ ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’ ఫోల్డర్లో పెడితే గ్రేడిల్ వాటిని కంపైల్ కూడా చేయదు. డిపెండెన్సీలు కూడా మామూలు ‘ఇంప్లిమెంటేషన్’ కిందే రాయాలి. ఏ యాప్‌ను పరీక్షించాలో ‘టార్గెట్‌ప్రాజెక్ట్‌పాత్’లో చెప్పాలి.

ఫోల్డర్ సరిగ్గానే ఉంటే అనుమానించాల్సింది రన్నర్‌ను (ఫోన్ మీద టెస్టులను వెతికి నడిపే క్లాసును). ‘టెస్ట్‌ఇన్‌స్ట్రుమెంటేషన్‌రన్నర్’ రాయకపోతే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 9.0కు ముందు వెర్షన్లలో పాత రన్నర్ వస్తుంది, దానికి జేయూనిట్ 4 టెస్టులు కనబడవు. ఆండ్రాయిడ్‌ఎక్స్‌లోని ‘ఆండ్రాయిడ్‌జేయూనిట్‌రన్నర్’ పూర్తి పేరు రాయండి. యాప్ మాడ్యూల్‌లో ఒకసారి రాశాం కదా అంటే కుదరదు, ఈ సెట్టింగ్ ఏ మాడ్యూల్‌కు ఆ మాడ్యూల్‌దే. మాడ్యూళ్లు ఎక్కువుంటే కన్వెన్షన్ ప్లగిన్‌లో (అన్ని మాడ్యూళ్లూ పంచుకునే సెట్టింగ్‌ల చోట) పెట్టేయడం సుఖం.

సరిచేశాక, కావాలని తప్పే ఒక అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైన్) రాసి నడపండి. బిల్డ్ ఎర్రబడితేనే టెస్టులు నిజంగా నడుస్తున్నట్టు.

‘కుడ్ నాట్ రిజాల్వ్ ప్రాజెక్ట్ :యాప్’

యాప్‌లో డెమో, ప్రొడక్షన్ అని రెండు ఫ్లేవర్లు (ఒకే యాప్‌కు వేర్వేరు రూపాలు) ఉన్నాయి, టెస్ట్ మాడ్యూల్‌లో ఏమీ లేవు. దేన్ని పరీక్షించాలో గ్రేడిల్ తేల్చుకోలేదు. అవే ఫ్లేవర్లను, అదే డైమెన్షన్ (ఫ్లేవర్ల గుంపు) పేరుతో టెస్ట్ మాడ్యూల్‌లోనూ రాయండి. ఒక్క ఫ్లేవర్ చాలనుకుంటే ‘మిస్సింగ్‌డైమెన్షన్‌స్ట్రాటజీ’తో అదేదో చెప్పండి. ఒక మాడ్యూల్‌లో లేని బిల్డ్ టైప్ (డీబగ్, రిలీజ్ లాంటిది) అడుగుతుంటే ‘మ్యాచింగ్‌ఫాల్‌బ్యాక్స్’ వాడండి. యాప్‌లో ‘బెంచ్‌మార్క్’ అనే బిల్డ్ టైప్ పెట్టి, అది లేని లైబ్రరీల దగ్గర ‘రిలీజ్’ తీసుకోమనడం మామూలుగా కనిపించే ఏర్పాటు.

టెస్టును విడి మాడ్యూల్‌కు మార్చగానే ‘ఇట్ ఈజ్ ఇంటర్నల్’ అంటోంది

కోట్లిన్‌లో ‘ఇంటర్నల్’ అంటే ఆ మాడ్యూల్‌కే పరిమితం. అదే మాడ్యూల్లోని టెస్ట్ ఫోల్డర్లకు మినహాయింపు ఉంటుంది గానీ, బయటి మాడ్యూల్‌కు ఉండదు. క్లాసును పబ్లిక్ చేసి దాటేయకండి. ఇంటర్నల్ క్లాసు కావాలంటోందంటే ఆ టెస్టు లోపలి పనిని పరీక్షిస్తోంది, దాని చోటు పాత మాడ్యూలే. వెనక్కి పెట్టేయండి.

యాప్‌ను ఆపి మళ్లీ తెరిచే టెస్టు మధ్యలోనే చచ్చిపోతోంది

మామూలుగా టెస్టు, యాప్ ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేస్తే టెస్టూ పోతుంది. విడి మాడ్యూల్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే: ‘సెల్ఫ్ ఇన్‌స్ట్రుమెంటింగ్’ ప్రాపర్టీని ఆన్ చేస్తే టెస్టు తన సొంత ప్రాసెస్‌లో నడుస్తుంది. యాప్ వేగాన్ని కొలిచే మాక్రోబెంచ్‌మార్క్ మాడ్యూళ్లు ఇలాగే పనిచేస్తాయి. అయితే ఇక యాప్ క్లాసులను ముట్టుకోలేరు, యాప్ లోపలి నుంచి స్క్రీన్‌ను పరీక్షించే ఎస్ప్రెస్సో పనిచేయదు. బయటి నుంచి స్క్రీన్‌ను నొక్కి చూసే యూఐ ఆటోమేటర్‌తోనే నడపాలి.

టెస్టులు నడిపితే గంటలు పడుతోంది

ప్రతి లైబ్రరీ మాడ్యూల్ ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’కూ ఒక విడి ఏపీకే (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) తయారై ఫోన్‌లోకి ఎక్కుతుంది. ఒక్క టెస్టు కూడా లేని మాడ్యూళ్లకూ ఈ టాస్కులు పుడతాయి. ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’ ఫోల్డర్ లేని మాడ్యూళ్లలో ‘బిఫోర్‌వేరియంట్స్’ దగ్గర ‘ఆండ్రాయిడ్‌టెస్ట్.ఎనేబుల్’ను ఫాల్స్ చేయండి.

డీబగ్‌లో బాగుంది, రిలీజ్ బిల్డ్ మీద ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’

యాప్ వాడని మెథడ్లను ఆర్8 (రిలీజ్ కోడ్‌ను కుదించే టూల్) తీసేసింది, టెస్టు వాటినే పిలుస్తోంది. టెస్టుల కోసమే ఒక బిల్డ్ టైప్ పెట్టి, కీప్ రూల్స్‌ను (ఏవి తీసేయకూడదో చెప్పే లైన్లను) దానికి మాత్రమే ఇవ్వండి. అసలు రిలీజ్ రూల్స్ ఫైల్లో కలపొద్దు.