మీ వెబ్‌సైట్‌లో వార్తల ఫీడ్‌ను చూపించడం ఎలా?

విశాఖపట్నంలో గాజువాకలోని ఒక కాలనీ సంఘమో, మద్దిలపాలెంలోని ఒక గ్రంథాలయమో తన వెబ్‌సైట్‌లో తాజా వార్తల శీర్షికలు కనబడాలని కోరుకుంటే, వాటిని రోజూ ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయనవసరం లేదు. అనేక వార్తాసంస్థలు, ప్రభుత్వ విభాగాలు తమ శీర్షికలను ఫీడ్‌గా, అంటే ఎప్పటికప్పుడు తాజా అయ్యే జాబితాగా, ఆర్ఎస్ఎస్ లేదా ఆటమ్ అనే ప్రామాణిక రూపంలో అందిస్తున్నాయి. ఆర్ఎస్ఎస్ తొలి రూపాన్ని నెట్‌స్కేప్ సంస్థ 1999లో విడుదల చేసింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 2002 నాటి 2.0 రూపం. ఫీడ్ నిజానికి ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు (సమాచారాన్ని ట్యాగుల మధ్య అమర్చిన ఫైలు) మాత్రమే కనుక, సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాషలోని స్క్రిప్టుతో, అంటే చిన్న ప్రోగ్రాంతో, దానిని సులభంగా చదవవచ్చు.

మొదట ఫీడ్‌ను ఎంచుకోవాలి. దాని చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి, వార్తలు నిజంగా తాజాగా వస్తున్నాయో లేదో చూడాలి. ఆ సంస్థ వాడుక నిబంధనలను కూడా చదవాలి. శీర్షిక, రెండు వాక్యాల సారాంశం, అసలు వార్తకు లింకు మాత్రమే చూపించడం మర్యాద. అనుమతి లేకుండా వార్తను మొత్తంగా ఎత్తి పెట్టుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కావచ్చు.

రెండవది, ఫీడ్‌ను తెచ్చి భద్రపరచడం. పాఠకుడు పేజీ తెరిచిన ప్రతిసారీ ఫీడ్‌ను తెచ్చుకునేలా రాయకూడదు. అలా రాస్తే అవతలి సర్వర్ నెమ్మదించినప్పుడు మన పేజీ కూడా ఆగిపోతుంది, పైగా వారి మీద అనవసరమైన భారం పడుతుంది. అందుకే పనిని రెండు స్క్రిప్టులుగా విడదీయాలి. ఒకటి, నిర్ణీత వేళలకు ప్రోగ్రాంలను నడిపే క్రాన్ సహాయంతో, అరగంటకోసారి నడిచి ఫీడ్‌ను తెస్తుంది, రెండవది భద్రపరచిన ప్రతిని మాత్రమే చదివి చూపిస్తుంది. తెచ్చే స్క్రిప్టు పది సెకన్లకు మించి ఎదురుచూడకుండా గడువు పెట్టాలి. గతసారి వచ్చిన ఈట్యాగ్ విలువను (ఫైలు ఏ ప్రతియో తెలిపే గుర్తును) తిరిగి పంపితే, మార్పేమీ లేనప్పుడు చాలా సర్వర్లు 'మార్పు లేదు' అని అర్థమిచ్చే 304 అనే జవాబుతో సరిపెడతాయి. కొత్త ఫైలును సరిగా చదవగలిగామని తేలిన తరువాతే పాతదాని స్థానంలో పెట్టాలి.

చదవడానికి పీహెచ్‌పీలోని సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ చాలు. ఆర్ఎస్ఎస్ 2.0లో 'ఛానెల్' లోపల ఒక్కొక్క వార్త ఒక్కొక్క 'ఐటమ్'గా ఉంటుంది. ఆటమ్‌లో దానినే 'ఎంట్రీ' అంటారు. అక్కడ లింకు చిరునామా ట్యాగు మధ్యలో కాక 'హెచ్‌రెఫ్' అనే లక్షణంలో ఉంటుంది.

తెలుగు ఫీడ్‌ల విషయంలో అసలు జాగ్రత్త సారాంశాన్ని కుదించేటప్పుడు కావాలి. అక్షరాలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వంటి ఒక్కొక్క యూనికోడ్ గుర్తు) 3 బైట్లు తీసుకుంటుంది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో 6 సంకేతాలు, అంటే 18 బైట్లు ఉన్నాయి. బైట్లను లెక్కపెట్టి కోసే మామూలు ఫంక్షన్ వాడితే అక్షరం మధ్యలో తెగి, తెరమీద ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. సంకేతాలను లెక్కపెట్టే ఎంబీ ఫంక్షన్ (mb_substr) ఆ బెడదను తప్పిస్తుంది కానీ, ఒత్తు తెగిపోయి చివర పొల్లు మాత్రమే మిగిలిపోవచ్చు. అందువల్ల ఎంబీ ఫంక్షన్‌తోనే కోసినా, చివరి ఖాళీ వరకు వెనక్కి వచ్చి పూర్తి పదం దగ్గర ఆపడమే సరైన పద్ధతి.

బయటినుంచి వచ్చిన పాఠాన్ని ఎప్పుడూ నమ్మకూడదు. ముందుగా హెచ్‌టీఎంఎల్ ట్యాగులను తొలగించి, తరువాత కుదించి, చిట్టచివరగా <, & వంటి ప్రత్యేక చిహ్నాలను హానిలేని రూపంలోకి (<, & వంటి సంకేతాలుగా) మార్చాలి. ఈ వరుస తప్పితే చిహ్నాల సంకేతాలే మధ్యలో తెగిపోతాయి. లింకు హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుకాకపోతే దానిని తిరస్కరించాలి.

ఇక సమయం. ఫీడ్‌లలో తేదీలు తరచుగా జీఎంటీలో, అంటే గ్రీన్విచ్ కాలమానంలో ఉంటాయి. సోమవారం రాత్రి 8:30 అని ఉన్న వార్త మన లెక్కలో మంగళవారం తెల్లవారుజామున 2:00 గంటలది. కాబట్టి ప్రతి తేదీని భారత కాలమానంలోకి మార్చి, శీర్షిక పక్కనే చూపించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖలో ఇది చిన్న విషయం కాదు. నిన్నటి వాతావరణ శీర్షిక నేటిదిలా కనిపిస్తే, వేటకు వెళ్ళే మత్స్యకారుడు తప్పు నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉంది. పేజీ అడుగున 'చివరిసారి తెచ్చిన సమయం' కూడా ఉండాలి. కొన్ని గంటలుగా ఫీడ్ అందకపోతే, ఆ సంగతిని అక్కడే స్పష్టంగా రాయించాలి.

అంతా సిద్ధమయ్యాక ఫీడ్ చిరునామాను కావాలనే తప్పుగా మార్చి, తెచ్చే స్క్రిప్టును ఒకసారి నడపండి. పేజీ ఖాళీగా మారకుండా పాత శీర్షికలు వాటి అసలు తేదీలతో నిలిచి ఉంటే, చిరునామాను సరిచేసి సైటును పాఠకులకు తెరవవచ్చు.