సరిహద్దు ఊళ్లలో బలహీనమైన నెట్ సిగ్నల్‌ను యాంటెన్నాతో మెరుగుపరచుకునే విధానం

ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల సరిహద్దు ఊళ్లలో నెట్ సరిగా రాకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది కొండ: పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం పరిసరాల్లో చాలా ఊళ్లు కొండ అడుగునో రెండు కొండల నడుమనో ఉండడం వల్ల, టవరు నాలుగైదు కిలోమీటర్లలోనే ఉన్నప్పటికీ దాని తరంగాలు నేరుగా ఇంటికి చేరవు. రెండవది సరిహద్దే: ఒడిశా సర్కిల్ (టెలికాం సేవల కోసం విభజించిన ప్రాంతం) టవరు ఒక పక్క నుంచి, పాతపట్నం వైపున్న ఆంధ్ర సర్కిల్ టవరు మరో పక్క నుంచి అందుతూ ఉంటే ఫోను ఆ రెండింటి మధ్య ఊగిసలాడుతుంది. యాంటెన్నా ఈ రెండు సందర్భాల్లోనూ పనికి వస్తుంది గాని, మన ఇంటికి పట్టినది ఏ రోగమో తెలుసుకోకుండా కొన్నది డాబా మీద కాకులు వాలడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. నేను మొదట కొన్నది అలాంటిదే. దాని సంగతి కేబుల్ దగ్గర చెబుతాను.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఫోను సెట్టింగులలో డేటా రోమింగ్ ఆన్ చేసి ఉన్నదో లేదో చూడాలి. ఒడిశాలో తీసుకున్న సిమ్ ఆంధ్ర సర్కిల్ టవరును పట్టుకున్నప్పుడు అది ఫోను లెక్కలో రోమింగే అవుతుంది కాబట్టి, ఆ మీట ఆపి ఉంటే చాలా ఫోన్లలో గీతలు నిండుగా కనిపిస్తాయి, మాట్లాడడానికీ వీలవుతుంది, నెట్ మాత్రం కదలదు. అదే సెట్టింగులలో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా కాకుండా మనమే ఎంచుకుని, ఒక పూట ఒక సర్కిల్‌తోను మరో పూట ఇంకో సర్కిల్‌తోను వాడి చూస్తే, సగం ఇళ్లలో సమస్య ఏ వైపు ఉన్నదో అక్కడే తేలిపోతుంది.

తరువాతి పని కొలత. ఫోను మీద కనిపించే గీతలను నమ్మరాదు, ఎందుకంటే ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కొక్క ఫోను తయారీదారు ఒక్కొక్క తీరుగా నిర్ణయించుకుంటాడు. ఆండ్రాయిడ్ ఫోనులో నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో వంటి యాప్ వేసుకున్నా, రూటరు ఉన్నవారు దాని అడ్మిన్ పేజీ తెరిచి చూసినా రెండు అంకెలు కనిపిస్తాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అన్నది టవరు నుంచి మన దాకా వచ్చిన బలం. అది మైనస్ 80కి అటూ ఇటూ ఉంటే చక్కగా ఉన్నట్టు, మైనస్ 100 దాటితే బలహీనపడినట్టు, మైనస్ 115 దాటితే తెగిపోతూ వస్తున్నట్టు. ఎస్‌ఐఎన్‌ఆర్ అన్నది ఆ బలంలో మనకు కావలసిన మాట ఎంత, పక్క టవర్ల రొద ఎంత అన్న లెక్క. అది 20కి చేరితే ఎంతో మేలు, సున్నా కంటే తగ్గితే వేగం ఆశించలేము. కొండ చాటున ఉన్న ఇంట్లో మొదటి అంకె పడిపోతుంది. సరిహద్దు రోగం ఉన్న ఇంట్లో మొదటి అంకె బాగానే ఉండి రెండవది పడిపోతుంది. ఈ తేడా గమనించినవారికి ఇకపై చెప్పేదంతా తేలిక.

కొలతలు ఒకే చోట కాకుండా, నేల మీద గదిలోను, డాబా మీదను, వీలైతే వెదురు గడకు కట్టి పైకెత్తిన ఫోనుతోను తీసుకుని కాగితం మీద రాసుకోవాలి. అంకెలు క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి ఒక్కొక్క చోట రెండు మూడు నిమిషాలు ఉంచి సగటు చూడడం మంచిది. మా ఇంట్లో కింది గదిలో మైనస్ 113, డాబా మీద మైనస్ 101, ఇరవై అడుగుల పైపు చివర మైనస్ 95 వచ్చింది. ఈ అంకెల కొలమానం డెసిబెల్. ప్రతి 3 డెసిబెళ్లకు శక్తి రెట్టింపు, ప్రతి 10కి పదింతలు అవుతుంది; అంటే ఏ యాంటెన్నా కొనకముందే, కేవలం గది బయటికి వచ్చి ఎత్తుకు చేరడం వల్ల సిగ్నల్ సుమారు అరవై రెట్లు పెరిగిందన్నమాట. రేకుల ఇళ్లవారికి ఈ లాభం ఇంకా ఎక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే ఇనుప రేకు తరంగాలను లోపలికి రానివ్వదు.

ఎత్తు ఇంతగా పని చేయడానికి కారణం ఉన్నది. తరంగం టవరు నుంచి మన దాకా దారంలా సన్నగా రాదు. దారి మధ్యలో కోడిగుడ్డులా ఉబ్బి వస్తుంది. 6 కిలోమీటర్ల దూరానికి 1800 మెగాహెర్ట్‌జ్ తరంగమైతే ఆ ఉబ్బు మధ్యభాగంలో మధ్యగీత నుంచి దాదాపు 16 మీటర్ల దాకా ఉంటుంది, అందులో కనీసం అరవై శాతమైనా అడ్డు లేకుండా ఉండాలి. కాబట్టి టవరు తల కంటికి కనిపించినంత మాత్రాన దారి తెరిచి ఉన్నట్టు కాదు. నడుమ ఉన్న జీడితోట, చింతచెట్లు ఆ ఉబ్బులోకి చొచ్చుకుని వస్తే సిగ్నల్ తగ్గుతుంది, వానాకాలంలో ఆకులు తడిసినప్పుడు మరింత తగ్గుతుంది. వేసవిలో బాగా వచ్చిన నెట్ శ్రావణంలో రాకపోతే తప్పు యాంటెన్నాది కాకపోవచ్చు.

టవరు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి టెలికాం శాఖ నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో మ్యాపు చూడవచ్చు. కొన్ని యాప్‌లలో టైమింగ్ అడ్వాన్స్ అనే అంకె కనిపిస్తుంది. 4జీలో దాని ఒక్కొక్క మెట్టు సుమారు 78 మీటర్లు కాబట్టి, 60 అని ఉంటే మనం పట్టుకున్న టవరు నాలుగున్నర కిలోమీటర్లకు కాస్త పైగా ఉన్నట్టు అంచనా వేసుకోవచ్చు. దగ్గరి టవరే మేలైనదని అనుకోరాదు. సంత ఊరి నడుమ ఉన్న టవరు మీద సాయంత్రం ఎనిమిది గంటలకు జనం విరగబడితే, మూడు కిలోమీటర్ల అవతల ఏ వాగు ఒడ్డునో ఉన్న ఖాళీ టవరు దానికంటే వేగంగా పలుకుతుంది. అందుచేత వేగం పరీక్ష పగటిపూట ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి చేసుకున్న తరువాతనే దిశ నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు సామగ్రి. ఫోనుకు బయటి యాంటెన్నా తగిలించే రంధ్రం ఉండదు కాబట్టి సిమ్ వేసుకునే 4జీ రూటరు అవసరమవుతుంది. కొనేటప్పుడు వెనుక ఉన్న, యాంటెన్నా తీగ బిగించే ఎస్‌ఎంఏ కనెక్టర్లు 4జీ కోసమా, వైఫై కోసమా అని తప్పక అడగాలి. కొన్ని రూటర్లకు బయటికి కనిపించే కొమ్ములన్నీ వైఫైవే, వాటికి మేడ మీది యాంటెన్నా కలిపితే టవరుతో సంబంధమే ఉండదు. యాంటెన్నాలలో లాగ్ పీరియాడిక్ రకం 700 నుంచి 2700 మెగాహెర్ట్‌జ్ వరకు అన్ని బ్యాండ్లకూ, అంటే టవర్లు వాడే తరంగ శ్రేణులన్నిటికీ, పనికి వస్తుంది, దాని లాభం, అంటే అది సిగ్నల్‌ను పెంచే మేర, 8 నుంచి 11 డెసిబెళ్ల దాకా ఉంటుంది. యాగీ రకం ఒకే బ్యాండుకు కట్టుబడి ఉంటుంది గాని ఆ బ్యాండులో ఎక్కువ లాభం ఇవ్వగలదు. మన దేశంలో 4జీ 700, 850, 900, 1800, 2100, 2300, 2500 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లలో నడుస్తున్నది. మన ఊరికి అందేది ఏదో యాప్‌లో చూడకుండా యాగీ కొనరాదు. అన్ని దిక్కులకూ చూసే కర్ర యాంటెన్నాను సరిహద్దు ఊళ్లకు నేను సూచించను. ఒక దిక్కుకే చూసే యాంటెన్నా చేసే పెద్ద ఉపకారం ముందున్న టవరును దగ్గర చేయడం కాదు, వెనుకనున్న టవరు మాటను చెవిన పెట్టకపోవడం. పైన చెప్పిన రెండవ అంకె పెరిగేది అందువల్లనే.

కేబుల్ దగ్గరే చాలామంది, నాతో సహా, దెబ్బ తిన్నాం. ఆన్‌లైన్‌లో కొన్న నా మొదటి యాంటెన్నాతో పది మీటర్ల సన్నని కేబుల్ వచ్చింది. అంత సన్నని తీగ 1800 బ్యాండులో మీటరుకు ఒక డెసిబెల్ కంటే ఎక్కువే మింగేస్తుంది కాబట్టి, యాంటెన్నా పైన సంపాదించిన 10 డెసిబెళ్లూ కిందికి దిగేలోపే కరిగిపోయాయి, డాబా మీద ఉత్త ఫోనుకు వచ్చినంత కూడా రూటరుకు రాలేదు. ఆర్‌జీ-58 కేబుల్ పది మీటర్లకు సుమారు 7 డెసిబెళ్లు, లావుగా ఉండే ఎల్‌ఎంఆర్-400 సుమారు 2 డెసిబెళ్లు తీసుకుంటాయి. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ 75 ఓమ్‌ల రకం, యాంటెన్నాలు 50 ఓమ్‌ల రకం కాబట్టి అది పనికిరాదని దుకాణాల్లో చెబుతారు. నిజానికి ఆ తేడా వల్ల పోయేది డెసిబెల్‌లో కొద్ది భాగమే, చిక్కంతా సరైన కనెక్టర్లు దొరకకపోవడంతోనే.

ఈ గొడవే లేని దారి ఒకటి ఉన్నది, నేడు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది అదే. రూటరునే వానకు తడవని రకం కొని, యాంటెన్నా లోపలే ఉన్న ఆ పెట్టెను పైపు చివర బిగించి, అక్కడి నుంచి ఇంట్లోకి ఈథర్నెట్ తీగ వేయాలి. ఆ తీగలోనే కరెంటూ పైకి వెళుతుంది, 100 మీటర్ల దాకా డేటాకు నష్టం ఉండదు. ఖర్చు పెట్టలేని విద్యార్థులు సిమ్ వేసుకునే చిన్న యూఎస్‌బీ డాంగిల్‌ను ఐదు మీటర్ల లోపు యూఎస్‌బీ తీగతో వెదురు గడ మీదికి ఎత్తి, వాన పడకుండా ప్లాస్టిక్ డబ్బా బోర్లించినా పెద్ద తేడా కనిపిస్తుంది. మూలన పడిన డిష్ పళ్లెం ముందు, సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే ముక్క ఉండే చోట డాంగిల్ కట్టడం కూడా 2300 బ్యాండులో పని చేస్తుంది, అయితే ఆ పళ్లెం నేరుగా టవరును చూస్తున్నట్టు కాక నేల వైపు ముందుకు వంగినట్టు ఉండాలి. 850 బ్యాండుకు ఆ పళ్లెం మరీ చిన్నది.

4జీ రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపుతుంది, టవరు మీది యాంటెన్నాలు ఆ రెండింటినీ చెరొక పక్కకు 45 డిగ్రీలు వాల్చి పంపుతాయి. అందువల్ల రూటరుకు రెండు కనెక్టర్లుంటే రెండు యాంటెన్నాలు పెట్టి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి అదే కోణంలో వాల్చి బిగించాలి. ఒక్కటే నిలువుగా పెడితే నెట్ వస్తుంది గాని వేగంలో సగం దాకా పోవచ్చు.

దిశ సరిచూసేటప్పుడు ఒకరు పైన, ఒకరు కింద ఉండాలి. పైనున్నవారు యాంటెన్నాను పది డిగ్రీల చొప్పున తిప్పి ఆగాలి. రూటరు కొత్త అంకె చూపడానికి అర నిమిషం పడుతుంది, తొందరపడితే పాత అంకెనే చదువుతాం. మొదటి అంకె అన్నిటికన్నా మెరుగ్గా ఉన్న చోట కాక, రెండవ అంకె మెరుగ్గా ఉన్న చోట బిగించాలి. రూటరులో బ్యాండ్‌ను స్థిరంగా ఉంచే సదుపాయం ఉండి, అవతలి టవరు వేరే బ్యాండులో ఉంటే, రూటరు రాత్రివేళ మళ్లీ అవతలి టవరుకు దూకకుండా అక్కడే కట్టివేయవచ్చు.

పైపును డాబా పిట్టగోడకు రెండు చోట్ల క్లాంపులతో బిగించి, మూడు వైపులా తీగలు లాగి కట్టాలి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాలో ఎంత నష్టం చేసిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కరెంటు తీగలకు పైపు పొడవు కంటే ఎక్కువ దూరం ఉండాలి. పైపు అడుగు నుంచి రాగి తీగతో ఎర్త్ వేయాలి, ఉరుములు మొదలైనప్పుడు రూటరు వైపు కేబుల్‌ను పీకివేయాలి. కనెక్టర్లకు రబ్బరు టేపు చుట్టి, కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వేలాడేలా వదిలితే వాననీరు లోపలికి పాకకుండా అక్కడే రాలిపోతుంది.

సిగ్నల్ బూస్టర్ అని అమ్మే పెట్టెలు మాత్రం కొనరాదు. యాంటెన్నా ఉన్న సిగ్నల్‌ను ఏరుకునే వస్తువు, బూస్టర్ తానే ప్రసారం చేసే యంత్రం. టెలికాం సంస్థలకు తప్ప ఇతరులకు దానిని పెట్టుకోవడానికి మన దేశ చట్టం అనుమతించదు, పైగా అది చుట్టుపక్కల వారి నెట్‌ను చెడగొడుతుంది.

పెద్ద గాలి వచ్చి వెళ్లిన ప్రతిసారీ కొలతల కాగితం తీసి, యాంటెన్నా బిగించినప్పుడు రాసుకున్న రెండు అంకెలతో నేటి అంకెలు పోల్చి చూడాలి. మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గి ఉంటే పైపు తిరిగిందో, కనెక్టరులోకి నీరు దిగిందో ఎక్కి చూడవలసిందే.