బెట్టలో పత్తికి నత్రజని: ఎప్పుడు, ఎంత, ఎలా

మహారాష్ట్రలోని మా కిన్వట్ వైపు ఆగస్టులో రెండు వారాలు వాన ముఖం చాటేసిందంటే చాలు, కృషి సేవా కేంద్రం (ఎరువులు, మందులు అమ్మే దుకాణం) కౌంటర్ మీదికి రంగురంగుల సీసాలు వచ్చేస్తాయి. ‘ఇందులో ప్రొలీన్ ఉంది భావూ, ఒక్కసారి కొట్టు, పత్తి బెట్టను తట్టుకుంటది’ అంటారు. ప్రొలీన్ సంగతి అబద్ధం కాదు. కాకపోతే దాన్ని పత్తి తనే తయారుచేసుకుంటుంది. మనం ఇవ్వాల్సింది ముడిసరుకు, అంటే నత్రజని. అదీ అదను చూసి.

నేల ఎండేకొద్దీ ఆకు కణాల్లో ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం పేరుకుంటుంది. వాడిపోయిన రై గడ్డిలో ఈ సంగతిని 1954లోనే గమనించారు. పత్తిలో ఇలాంటి పనే చేసే గ్లైసిన్ బీటైన్ అనే పదార్థం కూడా బాగా చేరుతుంది. వరికి ఆ అదృష్టం లేదు. ప్రొలీన్, బీటైన్ రెండింటిలోనూ నత్రజని ఉంది. మామిడి ముక్కలకు పట్టించిన ఉప్పు నీరు లాగినట్టు ఇవి కణంలోకి నీటిని లాగి పట్టి ఉంచుతాయి, ఉప్పులా హాని మాత్రం చేయవు. వాన పడ్డాక ప్రొలీన్‌ను మొక్క విడగొట్టి, ఆ నత్రజనిని మళ్లీ వాడుకుంటుంది. కింది ఆకులు అప్పటికే పాలిపోయిన చేను ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తుంది?

మధ్యాహ్నం రెండింటికి చేనుకు వెళ్లి చూడండి. ఆకులు వాలిపోయి, పొద్దుగూకేసరికి మళ్లీ నిలబడితే అదే అదను. తెల్లారినా లేవకపోతే స్ప్రే దండగ, దానికి కావాల్సింది నీళ్లే. ఎండిన రేగడిలో యూరియా చల్లినా అంతే. తడి లేనిదే వేరుకు అందదు, కొద్దిపాటి చెమ్మ తగిలితే కొంత అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. అందుకే ఆకు మీద కొట్టాలి.

లీటరు నీటికి 20 గ్రాముల యూరియా, అంటే 15 లీటర్ల పంపుకు 300 గ్రాములు. పూత, కాయ మీదున్న చేనుకైతే నేను 13-0-45 (పొటాషియం నైట్రేట్) వైపే మొగ్గుతాను, లీటరుకు 10 గ్రాములు. అందులో నత్రజనితో పాటు పొటాష్ కూడా ఉంది, ఆకు రంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం నడిచేది దాని మీదే.

యూరియాను నేరుగా పంపులో పోయకండి. బకెట్‌లో వేసి కలపండి. కరుగుతున్నప్పుడు బకెట్ చల్లబడుతుంది, చేత్తో ముడితే తెలుస్తుంది. 2015 నుంచి వస్తున్నది వేపనూనె పట్టించిన యూరియా కాబట్టి పైన జిడ్డు తెట్టు తేలుతుంది. పాత పంచె గుడ్డతో వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోయి చేను మధ్యలో టెన్షన్. కొట్టేది ఎండ తగ్గాక, సాయంత్రం. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

ఒక్క కూలితో రెండు పనులూ అయిపోతాయని ఇందులోనే పురుగుమందు కలిపేవాళ్లున్నారు. నేను కలపను. 2017లో పక్కనే యవత్మాల్‌లో పత్తికి పురుగుమందు కొడుతూ ఆ విషం సోకి మనుషులు చనిపోయారు, ఇక్కడెవరూ మరిచిపోలేదు.

వారం, పది రోజులకూ వాన రాకపోతే ఇంకోసారి కొట్టండి. అంతకుమించి పోతే చేను ఏపుగా పెరిగి నీళ్లు ఇంకా తాగుతుంది, పచ్చదోమకు పండగ. వాన పడి పదునయ్యాక పైపాటు ఎరువును మొదలుకు కాస్త ఎడంగా వేసి మట్టి కప్పండి.

పక్కనే సోయా ఉంటే దాన్నీ చూడండి. వేరు బుడిపెలు నత్రజని పట్టుకొస్తాయన్న ధీమా బెట్టలో పనికిరాదు, మొక్క వాడకముందే వాటి పని మందగిస్తుంది.