నలుగురు కలిసి క్యాసినోకి వెళ్తే టేబుల్ దగ్గర ఎలా ఆడాలి

మాది తుని. గోవాలో మాండవి నది మీద నిలబడి ఉండే క్యాసినో ఓడల్లో ఒకదాంట్లో ఏడేళ్లు డీలర్‌గా, అంటే టేబుల్ దగ్గర ముక్కలు పంచి ఆట నడిపేవాడిగా చేశాను. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మావాడు ఓడ మీద హోటల్లో చేస్తున్నాడు" అనే చెప్పుకొచ్చింది. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చినా, డిసెంబరు వచ్చిందంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "నలుగురం వెళ్తున్నాం, మాట్లాడుకుని కలిసి ఆడితే తప్పేంటి?" అని. ప్రతిసారీ అరగంట చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

కుర్చీ లాక్కునే ముందు టేబుల్ మీద చిన్న బోర్డు ఉంటుంది, అది చదవండి. కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని రెండు అంకెలు కనిపిస్తాయి. చాలామంది మొదటిదే చూస్తారు. అసలు సంగతి రెండోదాంట్లో ఉంది. ఆ గరిష్ఠం మనిషికా, గడికా (పందెం పెట్టేందుకు టేబుల్ మీద గీసిన చోటు), టేబుల్ మొత్తానికా అని డీలర్‌ని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. బ్లాక్‌జాక్‌లో (డీలర్ మీద పోటీగా 21కి దగ్గరగా ముక్కలు తెచ్చుకునే ఆట) చాలాచోట్ల అది గడికి. కూర్చున్నవాడి పందెం, వెనక నిలబడి అదే గడిలో పెట్టేవాళ్ల పందెం అన్నీ కలిపి దాటకూడదు. బకారా అంటే బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు వైపుల్లో ఏది గెలుస్తుందో పందెం కాసే ముక్కలాట. అందులో కొన్నిచోట్ల బ్యాంకర్ వైపు మొత్తానికీ, ప్లేయర్ వైపు మొత్తానికీ ఉన్న తేడాకి లిమిట్ పెడతారు. ఎందుకంటే అటుది ఇటు సర్దేస్తే ఇల్లు, అంటే క్యాసినో, జేబులోంచి తీయాల్సింది ఆ తేడానే. (ఆట పేరు బకారా. బకరా అయ్యేది మనం.)

ఇప్పుడు రూలెట్ తీసుకోండి, అంకెలున్న చక్రంలో గోలీ ఎక్కడ ఆగుతుందో పందెం కాసే ఆట. ఒక అంకె మీద గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. అంకె మీద గరిష్ఠం 1,000 అనుకుంటే ఇల్లు ఒక మనిషికి ఇవ్వాల్సింది 35,000. అదే అయిదుగురు మాట్లాడుకుని 17 మీదే తలా వెయ్యి పెడితే ఒక్క గోలీతో 1,75,000. సున్నా ఒక్కటే ఉన్న చక్రం మీద ఇంటి వాటా 2.7 శాతం. వాటా ఎప్పుడూ ఇంటిదే, కానీ అది వేల ఆటల మీద వచ్చే లెక్క. ఈ రాత్రి ఒక్క దెబ్బకి ఎంత పోవచ్చు అన్నదానికి కట్టిన గట్టే ఆ గరిష్ఠం.

డబుల్ చేసుకుంటూ పోయేవాళ్ల గురించి రెండు ముక్కలు. కనీసం 500, గరిష్ఠం 20,000 ఉన్న రూలెట్ టేబుల్ మీద ఎరుపు రంగు మీద పెట్టి, ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తే ఆరు ఓటములకి 31,500 పోతుంది. ఏడోసారి పెట్టాల్సింది 32,000, బోర్డు ఒప్పుకోదు. వరసగా ఆరు ఓడటం సుమారు 55 సార్లలో ఒకసారి వస్తుంది, అంటే ఒక సాయంత్రంలో చూసేదే. అప్పుడు పక్కనున్న స్నేహితుడు "నేనో 16,000 పెడతాలే" అంటాడు. నిజం చెప్పాలంటే దీన్ని చూసి క్యాసినో భయపడదు. లెక్క అప్పటికీ ఇంటివైపే. వాళ్ల తలనొప్పి వేరే.

ఒక రాత్రి నా బకారా టేబుల్ దగ్గరికి ఇద్దరు వచ్చారు, బావా బావమరుదులు. మా ఓడలో టేబుల్ మీద డీలర్ ఇంగ్లీషే మాట్లాడాలి, కాబట్టి నాకు తెలుగు వచ్చని వాళ్లకి తెలియదు. "నువ్వు బ్యాంకర్ మీద పెట్టరా, నేను ప్లేయర్ మీద పెడతా. ఎటు తిరిగినా డబ్బు మనింటికే." ఒక్కో చేతికి, అంటే ఒక్కో ఆటకి, తలా 10,000. ఇద్దరి మొహాల్లో టెన్షనే లేదు. బకారా ఆడుతూ అంత ప్రశాంతంగా ఉన్నవాళ్లని నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారం లక్ష పైన పోగొట్టుకున్నవాళ్లకి పది శాతం వెనక్కిచ్చే ఆఫర్ నడుస్తోంది. బ్యాంకర్ 14 సార్లు, ప్లేయర్ 4 సార్లు గెలిచాయి. బ్యాంకర్ గెలుపుకి అయిదు శాతం కమిషన్ పోతుంది కాబట్టి బావమరిదికి 93,000 లాభం. బావకి సరిగ్గా లక్ష నష్టం. ఇద్దరికీ కలిపి పోయింది 7,000. లక్షకి పైన పోవాలి కదా, ఇంకో చెయ్యి ఆడి బావ ఓడిపోతే చాలు, పదివేలకి పైగా వెనక్కి వస్తాయి. అప్పటికే పై కెమెరా గదినుంచి సూపర్‌వైజర్‌కి ఫోన్ వచ్చేసింది. ఆయన మర్యాదగానే వచ్చి, ఒకరు వేరే టేబుల్‌కి వెళ్లమన్నారు, ఆఫర్ వర్తించదనీ చెప్పారు. బావగారు లేస్తూ నన్ను "భాయ్, కహాఁ సే హో?" అనడిగారు. "తుని అండి" అన్నాను. ఆయన బావమరిది వైపు తిరిగి, "మొత్తం విన్నాడ్రా వీడు" అన్నారు.

మూడు నాలుగు వేలకోసం ఇంత గొడవా అనుకోకండి. పదివేల చిప్ (డబ్బుకి బదులుగా ఇచ్చే బిళ్ల) బదులు లక్ష చిప్ పెట్టండి, ఇద్దరి బదులు ఎనిమిదిమందిని పెట్టండి. ఉచితంగా ఇచ్చిన ప్రమోషన్ చిప్స్ ఒకరు, సొంత డబ్బు ఇంకొకరు ఎదురెదురుగా పెడితే ఉచిత చిప్స్ నగదైపోతాయి. పైగా ఎదురు పందేలతో ఒకరి నల్లడబ్బు ఇంకొకరి 'గెలుపు' గా బయటికి వస్తుంది. మన మనీలాండరింగ్ చట్టం కిందికి క్యాసినోలు కూడా వస్తాయి, కాబట్టి చూసీ చూడనట్టు వదిలేస్తే చిక్కు వాళ్లకే.

బ్లాక్‌జాక్‌లో ఇంకో పాత కథ. 1970ల్లో అమెరికాలో అల్ ఫ్రాన్సెస్కో అనే ఆయన జట్లు కట్టాడు. కొందరు కనీస పందేలతో కూర్చుని ముక్కలు లెక్కపెడతారు, పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలాయని, అంటే ఆట తమవైపు తిరిగిందని తెలియగానే సైగ చేస్తారు, పెద్ద పందెంవాడు వచ్చి గరిష్ఠం పెడతాడు. ఒక్కడే 500 నుంచి 20,000 కి ఎగిరితే పట్టేస్తారు, ఇద్దరైతే ఎవరి పందెం వాళ్లకి మామూలుగా కనిపిస్తుంది. ఆ జట్టులో ఆడిన కెన్ ఉస్టన్ కోర్టుకెళ్తే, లెక్కపెడుతున్నాడని క్యాసినో తనంతట తాను గెంటేయకూడదని 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. అది న్యూజెర్సీలో. గోవాలో ఆ తీర్పు చూపించకండి.

సరే, వెళ్తే ఏం చేయాలంటే: ఎవరి చిప్స్ వాళ్ల ముందే ఉంచుకోండి. టేబుల్ మీద చేతులు మార్చకండి, కెమెరాకి ముందుగా కనిపించేది అదే. భార్యాభర్తలు ఒకే డబ్బుతో ఆడుతుంటే కూర్చునేటప్పుడే సూపర్‌వైజర్‌కి చెప్పేయండి, ఇద్దరినీ ఒకే లెక్కలో రాసుకుంటారు. రూలెట్‌లో తలా ఒక రంగు చిప్స్ తీసుకోండి, లేకపోతే గెలిచినప్పుడు ఎవరిదో తేలక స్నేహితులే కొట్టుకుంటారు. ఆఫర్ ఉంటే షరతులు ముందు కౌంటర్లో అడగండి. "ఈ టేబుల్ మీద ఆపండి సార్" అంటే వాదించకుండా చిప్స్ తీసుకుని కౌంటర్‌కి వెళ్లి మార్చుకోండి. చేతిలో చిప్స్ మీవే, వాటి డబ్బు ఇస్తారు. బోర్డు ఫొటో తీసి మిగతావాళ్లకి పంపుదామని మాత్రం ఫోన్ బయటికి తీయకండి. లిమిట్ గురించి మొదలైన గొడవ ఫోన్ దగ్గర తేలుతుంది.