విచారణలో (మీ కతోలిక చర్చి సంఘంలో) మీ పిలుపు: ఒక్క పనితో మొదలుపెట్టండి

ప్రభువు నన్ను దేనికి పిలుస్తున్నాడా అని చాలాకాలం ఎదురుచూశాను. ఒక ఆదివారం చర్చి పూజలో బైబిల్ పఠనం చదివే మనిషి రాకపోతే ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. అదే మొదలు.

పూజ అవగానే వెళ్లిపోకుండా విచారణ గురువులను కలవండి. "ఏదైనా చేస్తాను ఫాదర్" అనకండి. "వచ్చే ఆదివారం రెండో పఠనం చదువుతాను" అని పని పేరు చెప్పండి. శనివారం రాత్రే ఆ భాగం మూడుసార్లు పైకి చదవండి. "కొరింతీయులకు" అనే లేఖ పేరు దగ్గర నాకు నాలుక తడబడుతుంది, అందుకే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇళ్లకు వెళ్లడం. 1921లో డబ్లిన్‌లో పుట్టిన మరియదళం అనే కతోలిక సేవాసంఘం సభ్యులు ఇద్దరిద్దరుగా వెళ్తారు, యేసు శిష్యులను పంపినట్టే. మీరూ ఒంటరిగా వెళ్లకండి. మంచం పట్టిన ఒక పెద్దావిడ దగ్గర నేను మొదట వాక్యాలు వల్లించాను. ఆవిడకి కావలసింది జపమాలకు తోడు. వేళ్లు వంగక పూసలు జారిపోతుంటే నా వేలు ఆనించి ఒక్కో పూసా జరిపాను. అప్పటినుంచి ముందు వింటాను, అడిగితేనే మాట్లాడతాను. ఎవరైనా దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) కావాలంటే మాత్రం ఆ రోజే ఫాదర్‌కి చెప్పండి.