ఆలస్యంగా వచ్చే జవాబు: కాంపొనెంట్లలో అసింక్ తప్పులు, వాటి మరమ్మతు

సర్వర్‌ను అడిగి, జవాబు వచ్చేలోగా మిగతా పని సాగించే కోడ్‌ను అసింక్ అంటారు. వెబ్ పేజీలోని భాగాల్లో, అంటే కాంపొనెంట్లలో, ఆ జవాబు ఆలస్యమైనప్పుడో వరస తప్పినప్పుడో తలెత్తే తప్పులు నెట్ బాగున్నప్పుడు చాలావరకు బయటపడవు. అందుకే ముందు తప్పును కావాలని రప్పించుకోవాలి. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి నెట్ వేగాన్ని కావాలని తగ్గించే థ్రాట్లింగ్‌ను 3జీలో పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతే. కానీ అది అన్ని రిక్వెస్టులనూ ఇంచుమించు ఒకేలా నెమ్మదింపజేస్తుంది కాబట్టి వరస సాధారణంగా తారుమారు కాదు. పరీక్ష కోసం పెట్టుకునే నకిలీ సర్వర్‌లో (మాక్ సర్వర్‌లో) ప్రతి జవాబుకూ 100 నుంచి 2000 మిల్లీసెకన్ల మధ్య ఏదో ఒక ఆలస్యం కలపండి. దాగిన తప్పులు అప్పుడు వాటంతటవే బయటికొస్తాయి.

సమస్య: సెర్చ్ పెట్టెలో ఒక మాట, కింద జాబితాలో వేరే ఫలితాలు

యూజర్ "సు" కొట్టగానే మొదటి రిక్వెస్ట్ వెళ్లింది. 250వ మిల్లీసెకనుకు "సుధ" పూర్తయి రెండోది వెళ్లింది. రెండోదానికి జవాబు 400 దగ్గరే వచ్చింది, జాబితా సరిగ్గా కనిపించింది. 1100 దగ్గర మొదటిదాని జవాబు తాపీగా వచ్చి ఆ జాబితాను చెరిపేసి, "సు"తో మొదలయ్యే పేర్లన్నీ పరిచింది. పెట్టెలో మాత్రం ఇంకా "సుధ" అనే ఉంది.

రిక్వెస్టులు వెళ్లిన వరసలోనే జవాబులు రావాలన్న నియమం ఎక్కడా లేదు. స్టేట్‌ను, అంటే తెర మీద చూపే డేటాను, మార్చే పంక్తికి తను ఏ ప్రశ్నకు జవాబు మోసుకొచ్చిందో తెలియదు. చివర వచ్చినదే గెలుస్తుంది.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో దీనికి మందు, కాంపొనెంట్ తెర మీదికి వచ్చాకో దాని డేటా మారాకో నడిచే యూజ్‌ఎఫెక్ట్ లోపలే ఉంది. ఎఫెక్ట్ మొదట్లో "పాతబడింది" అనే లోకల్ వేరియబుల్‌ను ఫాల్స్‌గా పెట్టండి. తరువాతి ఎఫెక్ట్‌కు ముందో కాంపొనెంట్ పోయేటప్పుడో నడిచే క్లీనప్ ఫంక్షన్‌లో దాన్ని ట్రూ చేయండి. ప్రతి అవెయిట్ (జవాబు కోసం ఆగే చోటు) తరువాత, స్టేట్ మార్చే ముందు దాన్ని చూడండి. ఫెచ్‌తో సర్వర్‌ను అడగడం ఒక అవెయిట్, జవాబులోని డేటాను (జేసన్‌ను) చదవడం ఇంకొకటి. చాలామంది మొదటిదాని తరువాత చూసి రెండోదాన్ని వదిలేస్తారు.

దీనికి తోడుగా అబార్ట్‌కంట్రోలర్ పెడితే అక్కర్లేని రిక్వెస్ట్ మధ్యలోనే ఆగుతుంది. ప్రతి రిక్వెస్టుకూ కొత్త కంట్రోలర్ చేసి, దాని సిగ్నల్‌ను ఫెచ్‌కు ఇచ్చి, క్లీనప్‌లో అబార్ట్ పిలవాలి. ఒకసారి అబార్ట్ అయిన కంట్రోలర్ మళ్లీ పనికిరాదు. దాన్నే తిరిగి వాడితే తరువాతి ఫెచ్ మొదలవకముందే రద్దవుతుంది. క్యాచ్‌లో ఎర్రర్ పేరు "అబార్ట్‌ఎర్రర్" అయితే చప్పుడు లేకుండా వెనుదిరగండి. లేదంటే ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా ఎర్ర సందేశం మెరిసి మాయమవుతుంది.

టైపింగ్ ఆగి 300 మిల్లీసెకన్లయ్యాకే రిక్వెస్ట్ పంపే డిబౌన్స్ పెట్టి సరిపెట్టుకునేవారున్నారు. డిబౌన్స్ సర్వర్ మీద భారం తగ్గిస్తుందే గానీ తప్పును తీసేయదు. నెలకోసారి మాత్రమే కనిపించేలా చేస్తుంది, అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం.

రియాక్ట్ లాంటివే వ్యూ (Vue), యాంగ్యులర్. వ్యూలో వాచ్ కాల్‌బ్యాక్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా అందే ఆన్‌క్లీనప్ ఇదే పని చేస్తుంది. యాంగ్యులర్‌లో, కొత్తది రాగానే పాతదాన్ని వదిలేసే స్విచ్‌మ్యాప్ చాలు.

సమస్య: స్పిన్నర్ ఆగదు, లేదా ముందే ఆగిపోతుంది

లోడ్ అవుతోందని చూపే తిరిగే గుర్తే స్పిన్నర్. అది ఆగకపోతే, మధ్యలో ఎర్రర్ వచ్చి లోడింగ్‌ను ఫాల్స్ చేసే పంక్తి దాకా పని చేరలేదన్నమాట. ఆ పంక్తిని, ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీలోకి మార్చండి. అక్కడే రెండో చిక్కు మొదలవుతుంది. రద్దైన పాత రిక్వెస్ట్ ఫైనల్లీ కూడా నడుస్తుంది, కొత్తదాని స్పిన్నర్‌ను ఆర్పేస్తుంది. కాబట్టి ఫైనల్లీలోనూ "పాతబడింది" చూడాలి.

సమస్య: సర్వర్ 500 పంపినా తెర మీద "సేవ్ అయింది"

సర్వర్ 404 (దొరకలేదు), 500 (సర్వర్ లోపం) కోడ్లు పంపినా ఫెచ్ రిజెక్ట్ అవదు, అంటే ఎర్రర్ విసరదు. కనెక్షన్ తెగడం, సీఓఆర్ఎస్ (వేరే సైటు డేటాను అనుమతి లేకుండా చదవనివ్వని బ్రౌజర్ నియమం) అడ్డుపడటం లాంటి నెట్‌వర్క్ లోపాలకే రిజెక్ట్ అవుతుంది. రెస్పాన్స్‌లోని ఓకే విలువ ఫాల్స్ అయితే మీరే ఎర్రర్ విసరాలి.

సమస్య: ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదైంది

బటన్‌ను డిసేబుల్ చేసే పంక్తి ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది ఫారం తనిఖీ చేసే ఒక అవెయిట్ తరువాత ఉంటుంది. ఆ సందులో రెండో క్లిక్ దూరుతుంది. హ్యాండ్లర్ మొదటి పంక్తిలోనే, ఏ అవెయిట్‌కైనా ముందే, ఒక రెఫ్‌లో (మార్చగానే విలువ మారే, రెండర్ల మధ్య నిలిచే పెట్టెలో) తాళం వేయండి. తాళం పడి ఉంటే వెనుదిరగండి. ఫైనల్లీలో తీయండి. యాంగ్యులర్‌లో ఎగ్జాస్ట్‌మ్యాప్ ఇదే చేస్తుంది.

ఇక్కడ అబార్ట్ జోలికి పోకండి. అబార్ట్ వల్ల బ్రౌజర్ ఎదురుచూడటం మానేస్తుంది, అంతే. పోస్ట్ రిక్వెస్ట్ అప్పటికే సర్వర్ చేరి ఉంటే పని జరిగిపోయి ఉండవచ్చు. టైమౌట్ అయ్యాక యూజర్ మళ్లీ నొక్కితే తాళం కూడా కాపాడలేదు. ఒక ఆర్డర్‌కు ఒకే ఐడీ తయారుచేసి, మళ్లీ ప్రయత్నించినప్పుడు కూడా అదే ఐడీ పంపాలి. రెండోసారి వచ్చిన ఐడీని గుర్తుపట్టడం సర్వర్ పని, అటువైపు వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

సమస్య: డెవలప్‌మెంట్‌లో ప్రతి రిక్వెస్టూ రెండుసార్లు వెళ్తోంది

ఇది తప్పు కాదు, పరీక్ష. రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్ ప్రతి కాంపొనెంటునూ పెట్టి, తీసి, మళ్లీ పెడుతుంది. ప్రొడక్షన్‌లో ఇలా జరగదు. రెండోసారి నడవకుండా రెఫ్‌తో అడ్డుకట్ట వేసేకంటే క్లీనప్ సరిచేయడం మేలు. యూజ్‌ఎఫెక్ట్‌కు నేరుగా అసింక్ ఫంక్షన్ ఇచ్చారేమో కూడా చూడండి. అది క్లీనప్‌కు బదులు ప్రామిస్‌ను (తరువాత వచ్చే ఫలితానికి ప్రతినిధిని) తిరిగిస్తుంది, కాబట్టి శుభ్రం చేసేవాడే ఉండడు. అసింక్ ఫంక్షన్‌ను లోపల రాసి, లోపలే పిలవండి.

తీసేసిన కాంపొనెంట్‌లో స్టేట్ మారుస్తున్నారన్న పాత హెచ్చరికను కూడా 2022లో వచ్చిన ఆ 18వ వెర్షన్‌లోనే తొలగించారు. హెచ్చరిక పోయింది గానీ ఆపని ఇంటర్వళ్లు, మూయని వెబ్‌సాకెట్లు ఇప్పటికీ మెమరీని తింటూనే ఉంటాయి.

సమస్య: పోలింగ్ పెట్టాక రిక్వెస్టులు గుట్టలుగా పేరుకుంటున్నాయి

కొంతసేపటికోసారి సర్వర్‌ను అడగడమే పోలింగ్. సెట్‌ఇంటర్వల్ 5 సెకన్లకు పెట్టారు, సర్వర్ 8 సెకన్లు తీసుకుంటోంది. సెట్‌ఇంటర్వల్ ఎవరి కోసమూ ఆగదు. జవాబు వచ్చాకే సెట్‌టైమౌట్‌తో తరువాతిది మొదలుపెట్టండి. క్లీనప్‌లో ఆ టైమర్‌ను క్లియర్ చేసి, నడుస్తున్న రిక్వెస్టునూ అబార్ట్ చేయండి. ఒక్కటే చేస్తే రెండోది మళ్లీ గొలుసును కొనసాగించగలదు.

సరిచేశాక టెస్టు ఇలా రాయండి: రెండు ప్రామిస్‌లను మీ చేతిలో ఉంచుకుని, రెండోదాన్ని ముందు రిజాల్వ్ చేసి, ఆ తరువాతే మొదటిదాన్ని వదలండి. జాబితాలో రెండోదాని ఫలితాలే నిలిచి ఉండాలి. "పాతబడింది" చూసే పంక్తిని తీసేసి మళ్లీ నడిపితే టెస్టు ఫెయిలవ్వాలి. అవ్వకపోతే టెస్టే సరిగా లేదు.