పాంటియాక్ వైబ్ కొనేముందు: పైన పోయిన పేరు, లోపల టయోటా

అమెరికాకి చదువుకి వచ్చి, చేతిలో మూడు నాలుగు వేల డాలర్లు పెట్టుకుని సెకండ్ హ్యాండ్ కారు వెతికే మనవాళ్లు ముందుగా అడిగేది టయోటా కరోలా, లేకపోతే హోండా సివిక్. అందరూ అవే అడుగుతారు కాబట్టి లక్షన్నర మైళ్లు తిరిగిన కరోలాకి కూడా ధర దిగిరాదు. నేను పదేళ్లుగా కనపడిన ప్రతి కుర్రాడికీ చెప్తున్న మాట ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆ కరోలా ఇంజనూ గేర్‌బాక్సే పాంటియాక్ వైబ్ అనే ఇంకో బండిలోనూ ఉన్నాయి. ఆ కంపెనీ పేరు ఇప్పుడు లేదు కాబట్టి చాలామంది దాని జోలికి పోరు, అందుకే తక్కువకి వస్తుంది. అయితే ఏ ఏడాది బండి, ఏ ఇంజను, ఏం చూసి కొనాలి అన్నది తెలియకుండా వెళ్తే మాత్రం దెబ్బ తింటారు.

నాది 2006 మోడల్. 2015లో ఒహాయోలో కొన్నాను, అప్పటికి 1,28,000 మైళ్లు తిరిగింది. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంది, 2,40,000 దాటింది. కొన్న రోజు మా రూమ్మేట్, తిరుపతి కుర్రాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి "అన్నా, కంపెనీయే మూతపడిపోతే రేపు స్పేర్ పార్టులు ఎక్కడ్నుంచి తెస్తావన్నా?" అన్నాడు. ఈ బండి పేరెత్తితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు ఆ కంపెనీ కథలోనే ఉంది, అందుకే ముందు కథ.

మిషిగన్‌లో పాంటియాక్ అని ఒక ఊరుంది. 1763లో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ ఒడావా తెగ నాయకుడి పేరు ఆ ఊరికి పెట్టారు. ఆ ఊళ్లో 1907లో ఓక్‌లాండ్ అనే కార్ల కంపెనీ మొదలైంది, రెండేళ్లకే జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. 1926లో ఓక్‌లాండ్‌కి చెల్లెలు లాంటి చవక బండిగా పాంటియాక్‌ని దించారు. జనం అక్కని వదిలేసి చెల్లెల్నే కొన్నారు, 1931కల్లా ఓక్‌లాండ్ పేరే ఎత్తేశారు. ముప్పై ఏళ్లు పాంటియాక్ అంటే పెద్దవాళ్లు నడిపే నెమ్మదైన బండి. మలుపు 1964లో వచ్చింది. మధ్యస్థం సైజు బళ్లలో పెద్ద ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. పాంటియాక్ ఇంజనీరు జాన్ డీలోరియన్ బృందం 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజన్ని, అంటే వీ8ని, టెంపెస్ట్ అనే బండిలో కూర్చోబెట్టి, కొత్త మోడల్ అని చెప్తే పై నుంచి అడ్డు పడుతుందని, "ఇది ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే" అని బయటికి పంపింది. అదే జీటీఓ. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. ఇప్పటికీ అరవై డెబ్బై ఏళ్ల అమెరికన్ల ముందు ఆ పేరు చెప్తే కళ్లు మెరుస్తాయి, నాకు బండి అమ్మిన పెద్దాయన కూడా వైబ్ గురించి పది నిమిషాలు చెప్పి, కుర్రతనంలో తన దగ్గరున్న జీటీఓ గురించి గంట చెప్పాడు. తర్వాత ఫైర్‌బర్డ్, ఫియేరో వచ్చాయి, చివరికి ఎవరికీ నచ్చని ఆజ్‌టెక్ కూడా వచ్చింది. 2009 ఏప్రిల్ 27న పాంటియాక్‌ని ఆపేస్తున్నామని జనరల్ మోటార్స్ ప్రకటించింది, జూన్ 1న ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది.

మనకి కావలసింది ఆ చివరి ఏళ్లలోది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఉంది కదా, ఇవాళ వీధికో తెలుగు కుటుంబం ఉన్న ఊరు, అక్కడ జనరల్ మోటార్స్ మూసేసిన ఫ్యాక్టరీలో 1984 నుంచి టయోటా, జనరల్ మోటార్స్ కలిసి కార్లు చేశాయి. ఆ ఉమ్మడి సంస్థ పేరు నమ్మీ. 2003 మోడల్ నుంచి 2010 మోడల్ దాకా వైబ్ అక్కడే తయారైంది. దీని కవల టయోటా మ్యాట్రిక్స్, అది కెనడాలో తయారైంది. రెండింటికీ బయటి రేకులు, లైట్లు, బంపర్లు వేరు, లోపల ఇంజను, గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ టయోటావే. 2010 ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడు అందులో టెస్లా కార్లు చేస్తున్నారు. మా తిరుపతి తమ్ముడికి నేనిచ్చిన జవాబు కూడా ఇదే: పార్టుల దుకాణంలో పాంటియాక్ అని అడక్కు, ఆ ఏడాది మ్యాట్రిక్స్ అని అడుగు. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, బెల్టు, వాటర్ పంపు, అన్నీ దొరుకుతాయి.

ఇక కొనే పని. బండి దగ్గరికి వెళ్లకముందే విన్ నంబరు, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే పదిహేడు అక్షరాల గుర్తింపు నంబరు, తెప్పించుకోండి. వైబ్ అయితే 5వై2తో మొదలవుతుంది. పదో అక్షరం మోడల్ ఏడాది చెప్తుంది: 3 ఉంటే 2003, 6 ఉంటే 2006, ఏ ఉంటే 2010. ప్రకటనలో 2008 అని రాసి అక్కడ 7 ఉంటే ఇక ఆ మనిషి చెప్పే మిగతా మాటలు కూడా జాగ్రత్తగా వినాలి.

ఇంజను విషయంలో నా మాట సూటిగా చెప్తాను, 1.8 లీటర్ మామూలు ఇంజనే తీసుకోండి. 2003 నుంచి 2008 దాకా వచ్చిన మొదటి తరంలో 2005 తర్వాత బళ్లు మేలు, ఎందుకంటే తొలి ఏళ్ల ఇంజన్లలో పిస్టన్ల దగ్గర ఆయిల్ వెనక్కి పోయే రంధ్రాలు చిన్నవి, అవి మూసుకుపోతే ఇంజను ఆయిల్ తాగడం, అంటే పెట్రోల్‌తో పాటు ఆయిల్ని కూడా కాల్చెయ్యడం, మొదలుపెడుతుంది. 2009, 2010లో 2.4 లీటర్ ఇంజను కూడా ఇచ్చారు. బలం ఎక్కువే, 158 హార్స్ పవర్, కానీ ఆయిల్ తాగే జబ్బు దానికీ ఉంది, పిస్టన్ రింగులు విప్పి మార్చడమంటే బండి ఖరీదులో సగం పోతుంది. ఆ రెండేళ్లవి కావాలంటే అందులోనూ 1.8 చూసుకోండి. 2006 దాకా జీటీ అని ఒకటి వచ్చింది, మొదట్లో 180 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్, లోటస్ ఎలీజ్ అనే స్పోర్ట్స్ కారులో వాడిన ఇంజనే. నడిపితే చాలా సరదాగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయాలి, ముందున్నవాళ్లు దాన్ని ఎలా తొక్కి ఉంటారో తెలియదు, స్టూడెంట్ బడ్జెట్‌కి వద్దు.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట చెయ్యాల్సింది బానెట్ మీద అరచెయ్యి పెట్టడం. చల్లగా ఉండాలి. ఫోన్‌లోనే "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పి పెట్టుకోండి, అయినా వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఎందుకు వేడి చేశారో ఆలోచించండి. తర్వాత బండి సమంగా ఉన్న చోట నిలబడిందో లేదో చూసి డిప్‌స్టిక్, అంటే ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూపించే గీతల పుల్ల, లాగండి, గుడ్డతో తుడవండి, మళ్లీ పూర్తిగా దించి మళ్లీ లాగండి. మొదటిసారి లాగినప్పటి గీత నమ్మొద్దు, గొట్టం గోడలకి అంటిన ఆయిల్ దాన్ని పాడు చేస్తుంది. కింది గీత దగ్గరో ఇంకా కిందో ఉంటే ఆ బండి ఆయిల్ తాగుతుండొచ్చు, లేదా కారుతుండొచ్చు, అదీ కాకపోతే ఓనరు ఏనాడూ చూడలేదన్నమాట. మూడింటిలో ఏదైనా మీకే నష్టం. ఇప్పుడు స్టార్ట్ చేసి, ఒక స్నేహితుణ్ణి వెనక సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. నీలం రంగు పొగ వస్తే అది ఆయిల్ కాలడం. పది నిమిషాలు నడిపి సిగ్నల్ దగ్గర ఆగి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా అద్దంలో వెనక చూడండి.

నేను ఈ 2006 బండి కంటే ముందు పాత కార్లు అమ్మే ఒక చిన్న లాట్‌లో 2009 మోడల్ 2.4 చూశాను. పెయింటు తళతళ, లోపల వాసన కూడా బాగుంది, టెస్ట్ డ్రైవ్‌లో ఏ లైటూ వెలగలేదు. అడ్వాన్స్ ఇవ్వబోయేవాణ్ణి, మాతో వచ్చిన సీనియర్ ఇరవై డాలర్ల స్కానర్ ఒకటి స్టీరింగ్ కింద గుచ్చి చూస్తే, లోపాల కోడ్లు ఏమీ లేవు గానీ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే తనిఖీలు, చాలావరకు 'రెడీ కాలేదు' అని చూపించింది. అంటే ఆ మధ్యనే చెక్ ఇంజన్ లైటుని ఎవరో తుడిపేసి ఉండొచ్చు. బ్యాటరీ మార్చామని చెప్పారు, దానివల్ల కూడా అలా అవుతుంది, నిజమే అయి ఉండొచ్చు, కానీ డిప్‌స్టిక్ లాగితే చివర తడి తప్ప గీత లేదు. ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాం. ఆ స్కానర్ మీరు కూడా కొనుక్కోండి, ఎవరినో అడగొద్దు.

రీకాల్స్, అంటే లోపం బయటపడి కంపెనీయే ఉచితంగా బాగుచేసి ఇచ్చేవి, తప్పకుండా చూడాలి, ఇందులో బద్ధకం పనికిరాదు. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్లో విన్ నంబరు కొడితే పెండింగ్ ఏవో వచ్చేస్తాయి. వైబ్‌లో అన్నిటికంటే పెద్దది టకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్, వేడికీ తేమకీ ఏళ్ల తరబడి పాడైన ఇన్‌ఫ్లేటర్, అంటే బ్యాగుని ఉబ్బించే డబ్బా, పేలినప్పుడు ఇనప ముక్కలు ముందు కూర్చున్నవాళ్ల మీదికి వస్తాయి. 2024 జనవరిలో, ఇంకా రిపేర్ చేయించని 2003, 2004 వైబ్‌లని అసలు నడపొద్దని జనరల్ మోటార్స్ చెప్పింది. రిపేరు ఉచితం, కానీ చేయించేదాకా ఆ బండిలో ఎవరినీ కూర్చోబెట్టకండి. రెండోది 2005 నుంచి 2008 బళ్ల ఇంజన్ కంప్యూటర్, దాంట్లో పగుళ్లొచ్చి బండి నడుస్తూనే ఆగిపోవడం, స్టార్ట్ కాకపోవడం జరిగింది, 2010లో రీకాల్ చేశారు. నా బండికి పాత ఓనరే అది మార్పించాడు, రసీదు ఫైల్లో ఉంది. 2009, 2010 వాటికి యాక్సిలరేటర్ పెడల్ రీకాల్ ఉంది. పాంటియాక్ షోరూములు ఇప్పుడు లేవు కదా, ఈ పనులకి వెళ్లాల్సింది షెవ్రొలే, బ్యూక్, జీఎంసీ డీలర్ల దగ్గరికి. కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు ఈ బండి ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, విన్ నంబరు కొట్టి చూడమని మర్యాదగా పట్టుబట్టండి.

ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ వైపు బళ్లకి తుప్పు ఉంటుంది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింద పట్టుకుంటుంది. ఫోన్ టార్చ్ వేసి వంగి కింద చూడండి, మొహమాటపడకండి. పైన రంగులా కనిపించే తుప్పు పర్లేదు, స్క్రూడ్రైవర్ పిడితో తడితే పొరలు పొరలుగా రాలే తుప్పు, బ్రేక్ గొట్టాల మీద ఉబ్బిన తుప్పు అయితే వదిలెయ్యండి. టెక్సాస్, కాలిఫోర్నియా బండికి నాలుగొందలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా: టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, దాని మీద పేరు, మీకు అమ్ముతున్న మనిషి లైసెన్స్ మీద పేరు ఒకటే ఉండాలి, సాల్వేజ్, అంటే బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన బండి, అని ముద్ర ఉంటే ఎంత చవకైనా వద్దు.

కొన్నాక ఏం చెయ్యాలంటే, ప్రతి రెండో పెట్రోల్ ట్యాంకుకి ఆయిల్ చూడండి, ఈ ఒక్క అలవాటు చాలు బండి నిలబడడానికి. ఇంజన్ లోపల టైమింగ్ చెయిన్ ఉంటుంది, టైమింగ్ బెల్టు మార్చే ఖర్చు లేదు. బయటి డ్రైవ్ బెల్టు పక్కన గులాబీ రంగు మరకలు కనిపిస్తే వాటర్ పంపు కారుతోందని అర్థం, అది కరోలాలకీ మామూలే, వెంటనే మార్పించుకోండి, వేడెక్కేదాకా ఆగితే ఇంజనే పోతుంది.

రోజూ వాడకంలో ఎలా ఉంటుందంటే, హైవే మీద టైర్ల చప్పుడు బాగా వస్తుంది, అది మాత్రం తగ్గదు. గాలన్‌కి ముప్పై మైళ్ల దగ్గర ఇస్తుంది. వెనక సీట్లు, డ్రైవర్ పక్క సీటు కూడా చదునుగా మడుచుకుంటాయి. నేను ఒహాయో నుంచి డాలస్ వచ్చేటప్పుడు పరుపు, టేబుల్, అమ్మ పంపిన ఆవకాయ సీసాలు, తడి గ్రైండర్, అన్నీ అందులోనే తెచ్చాను. ఒక్క జాగ్రత్త, వెనక అంతా గట్టి ప్లాస్టిక్, బ్రేకు కొడితే సామాను జారిపోతుంది, కింద రబ్బరు మ్యాట్ వేసుకోండి. మొదటి తరం బళ్లలో డాష్‌బోర్డ్ మీద ఇంట్లో ఉండే లాంటి 115 వోల్టుల ప్లగ్గు ఉంటుంది, చిన్న లాప్‌టాప్ చార్జర్‌కి సరిపోతుంది, రైస్ కుక్కర్ లాంటివి పెట్టకండి.

దొరకడం కష్టమయ్యేవి వైబ్‌కి మాత్రమే ఉండే బయటి భాగాలు: హెడ్‌లైట్లు, వెనక లైట్లు, బంపర్లు, వెనక డోరు. ఇవి మ్యాట్రిక్స్‌వి సరిపోవు. మీ ఊరి జంక్‌యార్డ్‌లో ఎప్పుడైనా వైబ్ కనపడితే, మీ బండికి అప్పటికి అవసరం లేకపోయినా వెనక లైట్లు రెండూ విప్పి తెచ్చుకుని గ్యారేజ్‌లో పెట్టుకోండి. నా దగ్గర ఒక జత ఉంది, నిరుడు ఎడమది పగిలినప్పుడు అరగంటలో నేనే మార్చుకున్నాను.